క్షీణిస్తున్న టెక్నాలజీ కంపెనీలో పనిచేయడం లోపలి నుంచి ఎలా ఉంటుంది? ఉండాలా, మారాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒకప్పుడు పెద్ద పేరున్న విదేశీ ప్రొడక్ట్ కంపెనీ హైదరాబాద్ కేంద్రంలో మీరు మూడేళ్ళుగా పనిచేస్తున్నారు. కంపెనీ షేరు పడిపోతోందనీ, అమెరికాలో లేఆఫ్‌లు జరుగుతున్నాయనీ వార్తలు వస్తున్నాయి. మీ ఆఫీసులో మాత్రం అంతా మామూలుగానే ఉంది, పైగా కొత్త పని కూడా వస్తోంది. అమ్మానాన్నలు కంపెనీ ఇన్సూరెన్సులో ఉన్నారు, గ్రాట్యుటీకి ఇంకా రెండేళ్ళు కావాలి. ఈ స్థితిలో ఉండాలా, మారాలా అన్నది మీ సందేహం.

నేను అలాంటి కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసి, చివరిదాకా ఉండి బయటికి వచ్చినవాణ్ణి. పేరు అనవసరం. బ్యాంకులు, టెలికాం సంస్థలు, ప్రభుత్వ శాఖలు తమ సొంత డేటా సెంటర్లలో నడుపుకునే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను మేము తయారుచేసేవాళ్ళం. కస్టమర్లు ఒక్కొక్కరుగా క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే సర్వర్లకు, వెళ్ళిపోవడంతో ఆ వ్యాపారం మెల్లమెల్లగా కరిగిపోయింది.

కంపెనీ మునిగిందంటే హైదరాబాద్‌లో అందరికీ గుర్తొచ్చేది 2009 జనవరి 7. లేని డబ్బు ఖాతాల్లో ఉన్నట్టు చూపించామని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ఆ రోజు బయటపడింది. నెలాఖరుకు జీతం పడుతుందో లేదో తెలియని స్థితిలోకి యాభై వేలమంది ఒక్క పూటలో వెళ్ళిపోయారు. అయితే అక్కడ అబద్ధమైనవి లెక్కలు మాత్రమే, ఇంజనీర్లు చేస్తున్న పనికి గిరాకీ ఉంది. అందుకే ప్రభుత్వం బోర్డును మార్చిన మూడు నెలల్లోనే టెక్ మహీంద్రా కొనడానికి ముందుకు వచ్చింది, 2013లో విలీనం పూర్తయింది. మధ్యలో వర్చువల్ పూల్ పేరుతో వేలమందిని తగ్గించిన జీతంతో ఇంటి దగ్గర కూర్చోబెట్టిన మాట నిజమే కానీ, వాళ్ళ చేతిలోని విద్యకు మార్కెట్లో విలువ తగ్గలేదు. మీరు అడుగుతున్న క్షీణత దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. లెక్కలు శుభ్రంగా ఉంటాయి, జీతం ఠంచనుగా పడుతుంది, మీరు రోజూ చేసే పని మాత్రం ఏడాదికేడాది ఎవరికీ అక్కర్లేనిదవుతూ ఉంటుంది.

ఇది లోపలివాళ్ళకు ఆలస్యంగా తెలియడానికి బలమైన కారణం ఉంది. ఐఫోన్‌ను 2007 జనవరిలో ఆవిష్కరించారు. దానివల్ల దెబ్బతిన్న బ్లాక్‌బెర్రీ ఫోన్ల కంపెనీ ఆదాయం అత్యధికంగా నమోదైంది మాత్రం 2011 ఫిబ్రవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో, దాదాపు 1,990 కోట్ల డాలర్లు. ప్రత్యర్థి వచ్చిన నాలుగేళ్ళ తర్వాత కూడా ఆ కంపెనీ ఉద్యోగికి టౌన్‌హాల్‌లో, అంటే ఉద్యోగులందరి సమావేశంలో, పైకి వెళ్ళే గీతే కనిపించింది. మరో మూడేళ్ళకు అది సుమారు 680 కోట్లకు దిగిపోయింది. మా లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ భ్రమ ఇంకా ఎక్కువకాలం నిలుస్తుంది. ఎందుకంటే ఒకసారి లైసెన్సు కొన్న బ్యాంకు ఏటా అందులో ఐదో వంతు దాకా సపోర్టు రుసుముగా కడుతూనే ఉంటుంది. కొత్తగా కొనేవాళ్ళు పూర్తిగా ఆగిపోయినా, పాతవాళ్ళు కట్టే డబ్బుతో కంపెనీ ఎన్నో ఏళ్ళు లాభాల్లోనే కనిపిస్తుంది. కాబట్టి త్రైమాసిక ఫలితాల్లో మొత్తం ఆదాయం చూసి ధైర్యం తెచ్చుకోకండి. కొత్త లైసెన్సుల ఆదాయమెంత, రెన్యూవల్ ఆదాయమెంత అని విడివిడిగా చూడండి.

ఇక మీ ఆఫీసులో కొత్త పని వస్తోందన్న విషయం. నన్నడిగితే మీ ప్రశ్నలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన మాట అదే. హెడ్‌క్వార్టర్స్‌లో మొదలైన క్షీణత హైదరాబాద్‌కు ముందుగా ప్రమోషన్ల రూపంలో చేరుతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకున్న కంపెనీ మొదట ఖరీదైన ఊళ్ళలోని టీములను తీసేసి ఆ పనిని ఇక్కడికి పంపుతుంది. దాంతో ఇక్కడ రిక్రూట్‌మెంట్ పెరుగుతుంది, లీడ్‌లు మేనేజర్లవుతారు, ఇంకో అంతస్తు అద్దెకు తీసుకుంటారు. మా దగ్గర ప్రొడక్టులోని ఒక పెద్ద మాడ్యూల్‌ను (భాగాన్ని) పూర్తి బాధ్యతతో సహా మాకు అప్పగించిన రోజున స్వీట్లు పంచారు, రాత్రి టీమ్ డిన్నర్ కూడా జరిగింది.

ఆ మాడ్యూల్‌కు కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే పని అప్పగిస్తూ వివరంగా నేర్పడం) ఇచ్చిన అమెరికన్ పెద్దాయన దాన్ని 1990లలో స్వయంగా రాసినవాడు. మాకు సాయంత్రం, ఆయనకు ఉదయం. రోజూ ఒక ఫైలు తెరిచి ప్రతి వింతకూ వెనక ఉన్న కథ చెప్పేవాడు. ఒకచోట కోడ్ ఏ కారణమూ లేకుండా ఏడు సెకన్లు ఆగుతోంది. ఇదెందుకని అడిగితే, ఒక కస్టమర్ దగ్గరున్న టేప్ డ్రైవ్‌లో, అంటే డేటాను టేపు మీద రాసే యంత్రంలో, టేపు వెనక్కి చుట్టుకోవడానికి అంత సమయం పట్టేదని చెప్పాడు. తీసేస్తే ఏమవుతుందని మావాడొకడు అడిగాడు. "తీసి చూడండి, ఏమైందో ఆ బ్యాంకువాళ్ళే అర్ధరాత్రి ఫోన్ చేసి చెబుతారు" అన్నాడు. కేటీ పూర్తయిందని మా లీడ్ సంతకం పెట్టిన తేదీని బట్టే ఆయన ఆఖరి పనిదినం ఖరారవుతుందని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. మా లీడ్ ఇంకా సందేహాలున్నాయని రాసి గడువు పొడిగించారు. సందేహాలేవీ లేవని మీటింగులో ఉన్న అందరికీ తెలుసు. ఆయనకు ఇంకొన్ని వారాల జీతం వచ్చింది, అంతే.

ఈ వరస ఎక్కడ ఆగుతుందని మాలో ఎవరూ అప్పుడు పైకి అడగలేదు. కొన్నేళ్ళకు కంపెనీ లెక్కల్లో హైదరాబాదే ఖరీదైన చోటయింది. కేటీ ఇచ్చే వంతు మాకు వచ్చింది, తీసుకున్నది ఒక సర్వీసెస్ కంపెనీ కాంట్రాక్టు ఉద్యోగులు. అందుకని అడుగుతున్నాను, మీకు వస్తున్న కొత్త పని కొత్త ప్రొడక్టు తయారీయా, లేక ఎక్కడో తీసేసిన టీము వదిలిన పాత ప్రొడక్టు పోషణా? రెండో రకమైతే మీ ఆఫీసు పెరుగుదలను ఆరోగ్యమని అనుకోకండి.

ఖర్చుల కోతకు కూడా ఒక క్రమం ఉంటుంది. విదేశీ ప్రయాణాలు, ట్రైనింగ్ బడ్జెట్ ముందు పోతాయి. ఇంటి దాకా వచ్చే క్యాబ్ స్థానంలో మెట్రో స్టేషన్ దాకా షటిల్ వస్తుంది. సాయంత్రం మిర్చి బజ్జీలు పోయి బిస్కట్లు వస్తాయి. ఉద్యోగులు గొణిగేది వీటి గురించే, బజ్జీల మీద హెచ్‌ఆర్‌కు వెళ్ళినన్ని ఈమెయిళ్ళు లేఆఫ్‌ల మీద కూడా వెళ్ళి ఉండవు. కానీ నిజమైన సంగతి ల్యాబ్‌లో తెలుస్తుంది. మా టెస్ట్ సర్వర్ల ఏఎంసీ (ఏడాది మరమ్మతు ఒప్పందం) ఒక ఏడాది రెన్యూ కాలేదు. డిస్కు పాడై నారింజ రంగు లైటు వెలిగితే వెండర్‌కు ఫోన్ చేయడం మానేసి, వాడకంలో లేని పాత సర్వర్ నుంచి డిస్కు ఊడదీసి ఇందులో పెట్టేవాళ్ళం. అలా భాగాల కోసం విప్పేసిన సర్వర్లకు ఒక ర్యాకే కేటాయించారు, వాటి మీద ఎరుపు స్టిక్కర్లు ఉండేవి. స్టిక్కర్లు పెరిగినకొద్దీ మేము టెస్ట్ చేయగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ల సంఖ్య తగ్గింది. సర్టిఫై చేసిన వాటి జాబితా చిన్నదైంది, తర్వాతి రిలీజుల్లో మా దగ్గర దొరకాల్సిన బగ్గులు కస్టమర్ల దగ్గర బయటపడ్డాయి. కస్టమర్లు వెళ్ళిపోవడానికి అది మరో కారణమైంది. క్షీణత తనను తానే పెంచుకోవడం నేను దగ్గరగా చూసింది ఆ ల్యాబ్‌లోనే.

మనుషుల విషయానికి వస్తే, బయట సులువుగా ఉద్యోగం దొరికేవాళ్ళే ముందు వెళతారు. వాళ్ళ స్థానాలు ఆమోదం పెండింగులో ఉందన్న మాటతో ఖాళీగానే ఉంటాయి. క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ఆగిపోతుంది కాబట్టి టీములో అందరికన్నా చిన్నవాడు ఏళ్ళు గడిచినా చిన్నవాడిగానే ఉంటాడు. మా చిన్నవాడికి పెళ్ళై పిల్లలు బడికి వెళుతున్నా ఫ్రెషర్ అనే పిలిచేవాళ్ళం. మిగిలినవాళ్ళంతా చేతకానివాళ్ళన్న అభిప్రాయం బయట ఉంది, అది అన్యాయం. ఆ ప్రొడక్టు మీద నిజమైన మమకారం ఉన్నవాళ్ళు, ఇంటి పరిస్థితుల వల్ల కదలలేనివాళ్ళు, స్థిమితంగా బతకడమే చాలనుకున్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉంటారు. అయితే పాత కోడ్ తెలిసినవాళ్ళు ఒక ప్రమాదంలో పడతారు. తమకు తప్ప ఇంకెవరికీ తెలియని మాడ్యూల్ చేతిలో ఉందని, తమను తీసేసే ధైర్యం కంపెనీకి ఉండదని నమ్ముతారు. మాడ్యూల్ బతికున్నంతకాలం అది నిజమే. ప్రొడక్టును ఆపేస్తున్నామన్న ప్రకటన వచ్చిన రోజున ఆ జ్ఞానానికి కొనేవాడు ఉండడు.

ఆ ప్రకటన కన్నా చాలా ముందే విషయం తెలిసేది సపోర్టు టీముకు. మీ కంపెనీ స్థితి తెలుసుకోవాలంటే షేరు ధర చూసే బదులు సపోర్టులో ఉన్న స్నేహితుడితో టీ తాగమని నా సలహా. ప్రొడక్టు బాగున్న రోజుల్లో వచ్చే టికెట్లు కొత్త వెర్షన్‌కు ఎలా మారాలి, సామర్థ్యం ఎలా పెంచుకోవాలి అన్న రకంగా ఉంటాయి. తర్వాత అప్‌గ్రేడ్ చేయకుండా ఇదే వెర్షన్‌లో ఎంతకాలం ఉండవచ్చని అడుగుతారు. ఆపైన మా డేటా మొత్తాన్ని ఏ ఫార్మాట్‌లో బయటికి తీయవచ్చు, పదేళ్ళ నాటి బ్యాకప్‌లను మీ సాఫ్ట్‌వేర్ లేకుండా చదవడం సాధ్యమా అని అడుగుతారు. మాకు ఆ చివరి రకం టికెట్లు వరసగా వస్తున్న రోజుల్లోనే టౌన్‌హాల్‌లో వచ్చే అయిదేళ్ళ రోడ్‌మ్యాప్ చూపించారు. ఆ స్లైడులో ఉన్న ఫీచర్లు అంతకు ముందు సంవత్సరం స్లైడులో ఉన్నవే, పక్కనున్న సంవత్సరం మాత్రం మారింది. ఒక పెద్ద కస్టమర్ ఐటీ అధికారి కాల్‌లో మర్యాదగానే, "సార్, మీరు ఇంకో మూడేళ్ళు ఉంటామని రాతపూర్వకంగా ఇస్తారా?" అని అడిగారు. మా ప్రొడక్ట్ మేనేజర్ కనుక్కుని చెబుతానన్నారు. ఆ రాత వాళ్ళకు వెళ్ళలేదు, మరుసటి ఏడాది రెన్యూవల్ కూడా రాలేదు.

ఇంటా బయటా వచ్చే మార్పు చిన్నదే అయినా చెప్పకుండా ఉండలేను. నేను చేరినప్పుడు మా ఊళ్ళో ఆ కంపెనీ పేరు వింటే పెళ్ళి సంబంధాలవాళ్ళు తల ఊపేవారు. ఆఖరి ఏళ్ళలో ఒక గృహప్రవేశంలో దూరపు బంధువు, తానూ ఐటీవాడే, "అన్నయ్యా, ఆ కంపెనీ ఇంకా ఉందా?" అని నిజమైన ఆశ్చర్యంతో అడిగాడు. ఇంటర్వ్యూలలోనూ అంతే. వాళ్ళు అడిగేది కంటైనర్లు, క్లౌడ్ సర్వీసుల గురించి. మనం చెప్పగలిగేది టేప్ లైబ్రరీల గురించి. ఈ దూరం ఏటా కొంచెం పెరుగుతుంది, పెరుగుతున్నట్టు ఆఫీసులో ఎవరూ చెప్పరు, ఎందుకంటే అప్రైజల్‌లో మీకు మంచి రేటింగే వస్తుంది. హైక్ మాత్రం ఉండదు, లేదా ద్రవ్యోల్బణం కన్నా తక్కువ ఉంటుంది. వేరియబుల్ పే సున్నా అవుతుంది. చేరినప్పుడు ఇచ్చిన స్టాక్ ఆప్షన్లలో (ముందే ఖరారైన ధరకు షేర్లు కొనుక్కునే హక్కులో) ఉన్న ధర కన్నా మార్కెట్ ధరే తక్కువగా ఉండి అవి చిత్తు కాగితాలవుతాయి.

కంపెనీని ఇంకొకరు కొంటారన్న వార్త వచ్చినప్పుడు ఊరట పడేవాళ్ళు చాలామంది ఉంటారు. కొన్నవాళ్ళు ఏం కొన్నారన్నది చూడాలి. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో స్వాధీనం చేసుకున్నప్పుడు, చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులోని ఫ్యాక్టరీ పన్ను వివాదం వల్ల ఆ అమ్మకంలోకి రాకుండా మిగిలిపోయి, అదే ఏడాది నవంబర్ 1న మూతపడింది. అమ్మకంలో భాగమై మైక్రోసాఫ్ట్‌లోకి వెళ్ళినవాళ్ళకూ భద్రత దొరకలేదు. ఆ ఏడాది జూలైలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన 18,000 కోతల్లో 12,500 దాకా నోకియా నుంచి వచ్చినవాళ్ళవే. మా కంపెనీని కొన్నది ఒక పెట్టుబడి సంస్థ. కొత్త ఫీచర్ల పని తగ్గించి, సపోర్టు ధరలు పెంచి, ఉన్న కస్టమర్ల నుంచి వచ్చినంత రాబట్టడం వాళ్ళ పద్ధతి. వ్యాపారపరంగా దాన్ని నేను తప్పు పట్టను, చావబోయే ప్రొడక్టును అంతకన్నా క్రమంగా నడిపే దారి నాకూ తోచదు. అందులో ఇంజనీర్ల సంఖ్య తగ్గడం మాత్రం ఖాయం.

ఆ తగ్గింపు ఇక్కడ జరిగే తీరు మీకు తెలియాలి. మన దగ్గర చాలాచోట్ల ఉద్యోగం తీసేశామని కాగితం ఇవ్వరు, మీరే రాజీనామా చేయమంటారు. నాకు క్యాలెండర్‌లో పేరులేని మీటింగ్ ఒకటి వచ్చింది. చిన్న గదిలో నా మేనేజర్, హెచ్‌ఆర్ ప్రతినిధి ఉన్నారు, ఇన్ని నెలల జీతం ఇస్తాం, ఈ రాజీనామా మీద ఇప్పుడే సంతకం పెట్టండి అన్నారు. అప్పటికే బయటికి వెళ్ళినవాళ్ళు చెప్పి ఉండటం వల్ల, చదివి రేపు చెబుతానన్నాను. దానికి ఒప్పుకున్నారు, సాధారణంగా ఒప్పుకుంటారు కూడా. మిగిలిన సెలవుల డబ్బు, గ్రాట్యుటీ, నోటీస్ పీరియడ్ జీతం ప్యాకేజీలో కలిపారా, దానికి అదనమా అన్నది రాతలో ఉండాలి. రిలీవింగ్ లెటర్ ఏ తేదీకి ఇస్తారన్నది కూడా రాయించుకోవాలి. అమెరికా ఆఫీసులో హెచ్‌-1బీ వర్క్ వీసా మీద ఉన్న మావాళ్ళ స్థితి ఇంతకన్నా కష్టం. ఉద్యోగం ముగిసిన నాటి నుంచి వాళ్ళకు గరిష్ఠంగా 60 రోజులే గడువు. అందులోపు కొత్త ఉద్యోగమో, వీసా మార్పో, తిరుగు ప్రయాణమో తేల్చుకోవాలి. పిల్లల బడి మధ్యలో సామాన్లు సర్దుకుని వచ్చిన కుటుంబాలు నాకు తెలుసు.

ఇంత చెప్పినా, అక్కడ ఉన్న ఏళ్ళు వృథా అని నేను అనను. మంది తగ్గడం వల్ల డిజైన్ నుంచి కస్టమర్ కాల్ దాకా అన్నీ నేనే చూడాల్సి వచ్చింది. ఎవరో రాసి వెళ్ళిపోయిన లక్షల లైన్ల కోడ్‌లో, డాక్యుమెంట్ లేకుండా, కోర్ డంప్ (ప్రోగ్రామ్ కూలినప్పుడు మిగిలే మెమరీ నకలు) పట్టుకుని లోపం వెతకడం అక్కడే వచ్చింది. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం ఇచ్చినవాళ్ళు అడిగింది కూడా అదే నైపుణ్యం. సాయంత్రం ఆరుకు ఇంటికి చేరి పిల్లలతో గడిపే వీలు పెరుగుతున్న కంపెనీల్లో నాకు మళ్ళీ దొరకలేదు. మీకు ఇప్పుడు అలాంటి వీలు అవసరమైతే, తెలిసి తెలిసి ఒకటి రెండేళ్ళు అక్కడ ఉండటంలో తప్పేమీ లేదు. ఆ ఖాళీ సాయంత్రాల్లో కొంత భాగం బయట అడుగుతున్న పని నేర్చుకోవడానికి పెట్టండి, వీలైతే కంపెనీలోనే క్లౌడ్‌కు సంబంధించిన పని ఏదున్నా, చిన్నదైనా, అడిగి తీసుకోండి. ఇంటర్వ్యూలో చదివి నేర్చుకున్నదానికన్నా ఉద్యోగంలో చేసినదానికే విలువ ఎక్కువ.

గ్రాట్యుటీ కోసం మాత్రం ఆగకండి. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్ళు నిండితే వచ్చేది ఏడాదికి 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా లెక్కగడతారు. గ్రాట్యుటీకి లెక్కించే మీ నెల వేతనం 50,000 అనుకుంటే ఐదేళ్ళకు సుమారు 1,44,000 రూపాయలు. రెండేళ్ళు హైక్ లేకుండా ఉండిపోతే పోగొట్టుకునేది అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ఎక్కడైనా ఆఫర్ వస్తే మీ నోటీస్ పీరియడ్ ఎంతో ముందే చెప్పి, తగ్గించే వీలుందేమో మీ మేనేజర్‌ను అడగండి. ఖర్చు తగ్గించుకుంటున్న కంపెనీ సాధారణంగా తొందరగానే వదులుతుంది.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది అమ్మానాన్నల ఇన్సూరెన్సు. గ్రూప్ పాలసీ సాధారణంగా మీ ఆఖరి పనిదినంతోనే ముగుస్తుంది. కొత్తగా తీసుకునే పాలసీలో బీపీ, షుగర్ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టవచ్చు. ఆ గడియారం మీరు పాలసీ తీసుకున్న రోజునే మొదలవుతుంది కాబట్టి, ఉద్యోగం మారినా మారకపోయినా ఈ నెలలోనే వాళ్ళ పేరు మీద విడిగా ఒకటి తీసుకోండి. ఇప్పుడున్న గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్సు కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన కాలాన్ని కలుపుతారేమో, మీ హెచ్‌ఆర్‌ను కాకుండా నేరుగా ఆ ఇన్సూరెన్సు కంపెనీనే అడగండి.